పాట ఊరిది, పుస్తకం ఎవరిది?

ఈ ఏడాది వార్షికోత్సవానికి మన హాస్టల్ తమ్ముళ్ళు ఒక మంచి పని తలపెట్టారు. సంక్రాంతి సెలవుల్లో ఇళ్ళకు వెళ్ళినప్పుడు అమ్మలు, నాయనమ్మలు, మేనత్తలు పాడే పాటలను సెల్‌ఫోన్లలో రికార్డు చేసుకొచ్చారు. నాట్ల పాటలు, కోతల పాటలు, జోలపాటలు, పెళ్ళిలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, చావు ఇంట్లో ఏడుస్తూ పాడే పాటలు అందులో ఉన్నాయి. మరోపక్క పాత విద్యార్థులు కొందరు ట్రంకు పెట్టెల్లో దాచుకున్న పాటల పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. అట్టలు ఊడిపోయి, పట్టుకుంటే అంచులు రాలిపోయే చిన్న చిన్న పుస్తకాలవి. చాలావాటికి ఇప్పుడు మరో ప్రతి దొరకదు. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో అడిగినా లేదనే అంటారు.

అన్నిటినీ ఇంటర్నెట్‌లో పెట్టేద్దామని కొందరన్నారు. కాపీరైటు కేసు పెడతారేమోనని మరికొందరు వెనక్కి తగ్గారు. పాత పాటలే కదా, ఎవరడుగుతారని ఇంకొందరు తేల్చేశారు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏది ఎంతవరకు నిజమో చెప్పడానికే ఈ వ్యాసం.

మేము ఈ హాస్టల్ అన్నం తిని ఇప్పుడు పీజీ చదువుతున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనుషులం మేమే. లాయర్లం కాము. అయితే 1957 కాపీరైటు చట్టం ఓపికగా కూర్చుంటే ఎవరికైనా అర్థమయ్యే చట్టమే. దాన్ని, దానికి 1992, 1994, 2012లలో వచ్చిన సవరణలను చదివి మాకు అర్థమైనంతవరకు మీ ముందు పెడుతున్నాం.

ఒక పాటలో నాలుగు హక్కులు

మనం పాట అని ఒక్క మాటలో అనేస్తాం. చట్టం మాత్రం ఆ పాటను నాలుగు పొరలుగా చూస్తుంది.

మొదటి పొర పాట మాటలు, బాణీ. ఎవరు కట్టారో తెలియకుండా తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన పాటైతే ఈ పొరకు యజమాని ఎవరూ లేరు. మన చట్టంలో జానపద గేయాలకంటూ ప్రత్యేక అధ్యాయం లేదు. కాబట్టి అలాంటి పాటను ఎవరైనా పాడవచ్చు, రాసుకోవచ్చు, అచ్చు వేయవచ్చు.

రెండో పొర పుస్తకం. ఒక పండితుడు ఊరూరా తిరిగి వంద పాటలు సేకరించి, ఏది ముందు ఏది వెనుక అని వరుస పెట్టి, పీఠిక రాసి, కఠిన పదాలకు అర్థాలు ఇచ్చి పుస్తకం వేశాడనుకుందాం. పాటలు ఆయనవి కావు. కానీ ఆ ఎంపిక, ఆ కూర్పు, పీఠిక, వివరణలు ఆయన కష్టార్జితం. వాటికి కాపీరైటు ఉంటుంది.

మూడో పొర గొంతు. పాడిన మనిషికి తన గానం మీద హక్కు ఉంటుంది. దీన్ని ప్రదర్శకుల హక్కు అంటారు.

నాలుగో పొర రికార్డు. గ్రామఫోను ప్లేటు, క్యాసెట్టు, సీడీ ఏదైనా సరే, దాన్ని తయారు చేసిన కంపెనీకి ఆ రికార్డింగు మీద హక్కు ఉంటుంది.

ఇప్పుడు మన సందేహం సగం తీరినట్టే. అమ్మ పాడిన నాట్ల పాటను ఆమె అనుమతితో మనమే రికార్డు చేస్తే మొదటి పొర ఎవరిదీ కాదు, మూడో పొర అమ్మది, నాలుగో పొర మనది. పుస్తకం ఊసే లేదు. నిర్భయంగా పెట్టుకోవచ్చు. అదే పాట 1995లో వచ్చిన క్యాసెట్టులో ఉందని ఆ క్యాసెట్టునే కంప్యూటర్‌లోకి ఎక్కించి పెడితే అది వేరే సంగతి. పాట ఊరిదే, రికార్డు మాత్రం కంపెనీది. ఆ హక్కు 2055 చివరి వరకు ఉంటుంది.

అరవై ఏళ్ళ లెక్క

కవి, రచయిత హక్కు ఎంతకాలం ఉంటుంది? బతికి ఉన్నంతకాలం, చనిపోయాక మరో 60 ఏళ్ళు. పూర్వం ఇది 50 ఏళ్ళే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో మరణించారు. 1991 చివరితో ఆయన రచనల మీద విశ్వభారతి హక్కులు తీరిపోబోతుండగా ప్రభుత్వం గడువును మరో పదేళ్ళు పెంచింది. 1992 సవరణ అలా వచ్చింది.

లెక్క కట్టడం సులువు. మరణించిన సంవత్సరానికి 60 కలపండి. ఆ వచ్చిన సంవత్సరం డిసెంబరు 31తో హక్కు ముగుస్తుంది. మర్నాడు, అంటే జనవరి 1 నుంచి ఆ రచన అందరిదీ.

మనందరికీ తెలిసిన పేర్లతో చూద్దాం. బాబాసాహెబ్ అంబేద్కర్ 1956లో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో అచ్చయిన పుస్తకాలు 2017 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. అయితే రచయిత చనిపోయాక మొదటిసారి అచ్చయిన పుస్తకానికి లెక్క వేరు. దానికి అచ్చయిన సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' 1957లో వచ్చింది గనుక అది 2018 నుంచి అందరిదీ. ఇక్కడ మరో జాగ్రత్త కూడా ఉంది. మూల గ్రంథం హక్కు తీరినా దాని తెలుగు అనువాదం హక్కు అనువాదకుడిది. మన అల్మారాలో ఉన్న తెలుగు పుస్తకాన్ని స్కాన్ చేసి పెట్టాలంటే అనువదించినవారి లెక్క కూడా చూడాలి.

గరిమెళ్ళ సత్యనారాయణ గారు 1952లో మరణించారు. ఆయన పాటలు 2013 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. తెల్లదొరల మీద ఆయన రాస్తే, నల్లదొరల పెత్తనం మాటేమిటని రాజమండ్రి నుంచి ప్రశ్నించిన దళిత కవి కుసుమ ధర్మన్న గారు 1940ల్లోనే కన్నుమూశారు. ఆయన రచనలకూ గడువు తీరింది. మన పాత పుస్తకాల కట్టల్లో ధర్మన్న గారివి ఒక్క పుట దొరికినా ముందుగా నెట్‌లోకి ఎక్కాల్సింది అదే. మన ఇళ్ళల్లో ప్రతి ఆదివారం వినిపించే పురుషోత్తమ చౌదరి గారి క్రైస్తవ కీర్తనలూ అంతే. ఆయన 1890లోనే మరణించారు. అయితే ఆ కీర్తనను ఈ మధ్య ఎవరో కొత్త వాద్యాలతో విడుదల చేసిన సీడీ మాత్రం వారిదే.

ఇక గడువు తీరనివి. గుర్రం జాషువా గారు 1971లో మరణించారు. ఆయన కావ్యాల మీద హక్కులు 2031 చివరి వరకు వారసులవి. మన తాడికొండ మండలం పొన్నెకల్లులో పుట్టి బుర్రకథను దేశమంతా వినిపించిన షేక్ నాజర్ గారు 1997లో పోయారు. బుర్రకథ అనే కళారూపం ఎవరి సొత్తూ కాదు. పల్నాటి యుద్ధం కథా ఎవరి సొత్తూ కాదు. ఈ సాయంత్రం మనమే ఒక పల్నాటి బుర్రకథ రాసుకుని ఆడుకోవచ్చు. కానీ నాజర్ గారు తన మాటల్లో రాసుకున్న పాఠం 2057 చివరి వరకు ఆయన కుటుంబానిదే.

ఇద్దరు కలిసి రాసిన పుస్తకమైతే ఇద్దరిలో ఆఖరున కన్నుమూసినవారి నుంచి లెక్కపెట్టాలి. సుంకర, వాసిరెడ్డి కలిసి రాసిన 'మా భూమి' నాటకం అలాంటిదే. దాన్ని ఒకప్పుడు ప్రభుత్వం నిషేధించింది కాబట్టి హక్కులు పోయాయనుకోవద్దు. నిషేధం వేరు, కాపీరైటు వేరు. పేరు లేకుండా వచ్చిన పుస్తకానికి, రాసినవారెవరో బయటపడనంతవరకు, అచ్చయిన ఏడాది నుంచి 60 ఏళ్ళు. రికార్డులకూ విడుదలైన ఏడాది నుంచి 60 ఏళ్ళే. 1960లో విడుదలైన గ్రామఫోను రికార్డు 2021 నుంచి అందరిదీ.

"ఇది జానపదమే" అని రాసేముందు

మా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇక్కడుంది. జనం నోట బాగా నలిగిన పాట జానపదంలాగే వినిపిస్తుంది. రాసినవాడి పేరు పాట వెనుక నుంచి జారిపోతుంది.

ఎంకి పాటలను జానపదాలనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అవి నండూరి సుబ్బారావు గారి రచన. 1925లో పుస్తకంగా వచ్చాయి. ఆయన 1957లో మరణించారు గనుక 2018 నుంచి అందరూ వాడుకోవచ్చు. వాడుకోవచ్చు కదా అని జానపదమని రాస్తే అది అబద్ధం. హక్కు తీరినా పేరు తీరదు.

మన హాస్టళ్ళలో ఏ సభ జరిగినా డప్పు మీద ఒక దెబ్బ పడగానే అందరం అందుకునే పాటలున్నాయి. ఊరూ వాడా మనవేనని చెప్పే పాట గూడ అంజయ్య గారిది. ఆయన 2016లో పోయారు. ఉత్తరాంధ్ర యాసలో పిల్లాడిని వెంట రమ్మని పిలిచే పాట వంగపండు ప్రసాదరావు గారిది. ఆయన 2020లో పోయారు. మొదటివారి పాటలకు 2076 చివరి వరకు, రెండోవారి పాటలకు 2080 చివరి వరకు హక్కులున్నాయి. వాళ్ళు జనం కోసం రాశారు, జనం పాడుకోవాలనే రాశారు. ఆ మాట నిజం. కానీ జనం పాడుకోవడం వేరు, ఎవరో ఒకరు తమ ఛానల్లో 'జానపద గీతం' అని పేరు పెట్టి ప్రకటనల డబ్బులు తీసుకోవడం వేరు. పాటల పుస్తకాలు సభల దగ్గర పదికీ ఇరవైకీ అమ్ముకుని ఇల్లు గడుపుకున్న కవులు మనవాళ్ళే. వాళ్ళ పేరు చెరిపితే చెరిపింది మనమే అవుతాం.

పేరు పోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి దక్షిణాఫ్రికా కథ ఒకటి చాలు. సాలమన్ లిండా అనే నల్లజాతి కార్మికుడు 1939లో జొహానెస్‌బర్గ్‌లో తన బృందంతో 'ఎంబూబే' అనే పాట పాడి రికార్డు చేశాడు. హక్కుల కింద అతనికి ముట్టింది 10 షిల్లింగులు. పాట సముద్రాలు దాటింది. అమెరికాలో ఆఫ్రికా జానపదమన్నట్టుగా చలామణి అయింది. 1961లో కొత్త మాటలతో పెద్ద హిట్టయింది. 1994లో 'లయన్ కింగ్' సినిమాలోనూ వినిపించింది. లిండా మాత్రం 1962లోనే పేదరికంలో చనిపోయాడు. కూతుళ్ళు కోర్టుకు వెళ్ళాక 2006లో రాజీ కుదిరి కుటుంబానికి కొంత న్యాయం దక్కింది. ఒక మనిషి పాట మీద 'సంప్రదాయ గీతం' అని ముద్ర పడితే ఆ ఇంటి రెండు తరాలు నష్టపోయాయి.

అమ్మ గొంతుకూ హక్కుంది

కాపీరైటు అంటే పెద్ద కవులకు, పెద్ద కంపెనీలకు సంబంధించిన వ్యవహారమని మనం అనుకుంటాం. 1994 సవరణ తర్వాత చట్టంలో ఒక చక్కని నిర్వచనం చేరింది. ప్రదర్శకులంటే ఎవరెవరో చెబుతూ నటులు, గాయకులు, వాద్యకారులు, నర్తకులతోపాటు దొమ్మరి విద్యలవారిని, గారడీవారిని, చివరికి పాములవాళ్ళను కూడా చేర్చారు. అంటే పొలంలో వంగి నాట్లు వేస్తూ పాడే మన అమ్మ కూడా చట్టం కళ్ళకు కళాకారిణే. ఆమె పాటను ఆమె అనుమతి లేకుండా రికార్డు చేసి జనంలోకి వదలకూడదు. ఈ హక్కు పాడిన ఏడాది తర్వాత 50 ఏళ్ళు ఉంటుంది. తన పేరు చెప్పమని అడిగే హక్కు, తన పాటను తన పరువు పోయేలా వికృతం చేయవద్దని అడ్డుకునే హక్కు 2012 సవరణతో ప్రదర్శకులకూ వచ్చాయి.

దీని విలువ మన తెలుగు నేల మీదే 2021లో అందరూ చూశారు. 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగదరియా' పాట ఊరూరా మోగింది. పాట మూలం జానపదం. సినిమాకు చరణాలు రాసింది సుద్దాల అశోక్ తేజ గారు, పాడింది మంగ్లీ గారు. అప్పుడు వరంగల్ ప్రాంతపు జానపద గాయని కోమలి గారు ముందుకొచ్చారు. ఆ పాటను ఎన్నో ఏళ్ళ క్రితమే టీవీ కార్యక్రమంలో పాడి వెలుగులోకి తెచ్చింది తానేనని, తన పేరు ఎక్కడా లేదని అడిగారు. జానపదం ప్రజల సొత్తు అనే వాదన అటువైపు ఉండనే ఉంది. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల గారు ఆమెకు గుర్తింపూ పారితోషికమూ ఇస్తామని ప్రకటించారు.

ఆ వివాదంలో ఎవరిది తప్పని తీర్పు చెప్పడం మా పని కాదు. మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. పాటకు యజమాని లేకపోవచ్చు, దాన్ని కాపాడుకొచ్చిన మనిషి మాత్రం ఉంటుంది. ఎక్కువసార్లు ఆ మనిషి చదువుకోని ఆడమనిషి, కూలికి వెళ్ళే మనిషి. మైకు, కెమెరా, ఛానల్ మరొకరి చేతిలో ఉంటాయి. ఇప్పుడు మొదటిసారిగా సెల్‌ఫోన్ రూపంలో అవి మన చేతికి వచ్చాయి. అమ్మ పేరు, ఊరు రాయకుండా 'పల్లె పాట' అని పెడితే పెద్ద ఛానళ్ళకూ మనకూ తేడా ఏముంది?

దొరకని పుస్తకం, తీరని హక్కు

ఇప్పుడు పాత పాటల పుస్తకాల దగ్గరకు వద్దాం. చాలామంది అనుకునేది ఏమిటంటే, పుస్తకం మార్కెట్లో దొరకకపోతే హక్కు కూడా పోయినట్టేనని. అలా కాదు. మళ్ళీ అచ్చు వేయకపోయినా అరవై ఏళ్ళ లెక్క అలాగే నడుస్తుంది. పుస్తకం మీద 'సర్వస్వామ్య సంకలితము' అని అచ్చు వేయకపోయినా, ఎక్కడా రిజిస్టరు చేయించకపోయినా హక్కు ఉంటుంది. తెలుగు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసి దారి చూపిన ఆచార్య బిరుదురాజు రామరాజు గారు 2010లో మరణించారు. ఆయన గ్రంథం నుంచి ఒక జానపద పాటను తీసుకుని మనం పాడుకోవచ్చు, ఎందుకంటే పాట ఊరిది. గ్రంథం మొత్తాన్ని స్కాన్ చేసి పెట్టాలంటే మాత్రం 2070 చివరి వరకు వారసుల అనుమతి కావాలి.

ఈ తేడా చూడకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. 2000ల మొదట్లో 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' అనే గొప్ప పథకం మొదలైంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో కంప్యూటర్ శాస్త్రవేత్తగా పేరు పొందిన రాజ్ రెడ్డి గారు తలపెట్టిన పది లక్షల పుస్తకాల ఆలోచనే దీనికి మూలం. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు చేతులు కలిపాయి. వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కానీ గడువు తీరినవాటితో తీరనివి కూడా కలిసిపోయాయి. కాపీరైటు అభ్యంతరాలు వచ్చాయి, ఆ సైటు తర్వాత మూతపడింది. ఆ పుస్తకాల ప్రతులు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉండబట్టి మనలాంటి విద్యార్థులకు ఇంకా అందుతున్నాయి. పది తీరని పుస్తకాలు కలిస్తే వంద తీరిన పుస్తకాలకూ తలుపు మూసుకుంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది. అలాగే ఒక పుస్తకం నెట్‌లో కనిపించినంత మాత్రాన దానికి హక్కులు లేవని కాదు.

మరి వారసులెవరో తెలియని పుస్తకం సంగతి? దీనికి చట్టంలో 31ఎ సెక్షన్ ఉంది. రచయిత చనిపోయినా, ఎవరో తెలియకపోయినా, హక్కుదారు ఆచూకీ దొరకకపోయినా ప్రచురణకు లైసెన్సు అడగవచ్చు. 2021 మార్పుల తర్వాత ఈ దరఖాస్తు కమర్షియల్ కోర్టుకు పెట్టుకోవాలి. అంతకు ముందు దేశంలో ఎక్కువ భాగం చదివే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. గుంటూరు జిల్లాలో పది రూపాయలకు అమ్ముడైన తెలుగు పాటల పుస్తకం రచయిత వారసులను వెతకడానికి ఢిల్లీ, ముంబైల్లో చదివే ఇంగ్లీషు పేపర్లో ప్రకటన! ఆ ఖర్చు మన మెస్ బిల్లులకు మించిపోతుంది. చట్టం తలుపు తెరిచింది, గడప మాత్రం మన మోకాలికి అందనంత ఎత్తులో పెట్టింది.

కానీ దగ్గరి దారులు కూడా ఉన్నాయి. సొంత చదువుకు, పరిశోధనకు న్యాయమైన మేరకు నకలు తీసుకోవడం తప్పు కాదు. అమ్మకానికి దొరకని పుస్తకాన్ని పబ్లిక్ లైబ్రరీ తన అవసరానికి మూడు ప్రతుల వరకు తీసుకోవచ్చు. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న పుస్తకాన్ని పాడైపోకుండా కంప్యూటర్‌లో భద్రపరచుకోవచ్చు. అది నెట్‌లో అందరికీ పెట్టడం కాదు. కానీ కాగితం పొడి అయ్యేలోపు పుస్తకం బతుకుతుంది. 1911లో పుట్టిన విజయవాడ రామమోహన గ్రంథాలయం, 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పిన పాతూరి నాగభూషణం గారు ఈ గడ్డ మీదివే కదా. పుస్తకం ఇంట్లో చెదలు పట్టేకన్నా గ్రంథాలయానికి చేరడం మేలు.

ఇంకో దారి ప్రభుత్వాలది. సుబ్రహ్మణ్య భారతి పాటల హక్కులు ప్రైవేటు చేతుల్లో ఉండగా 1949లో మద్రాసు ప్రభుత్వం తీసుకుంది. తర్వాత వాటిని ప్రజలకే వదిలేసింది. తమిళనాడులో ఆ తర్వాత కూడా ఎందరో రచయితల కుటుంబాలకు సొమ్ము ఇచ్చి రచనలను అందరివీ చేశారు. మన కవుల విషయంలో మన ప్రభుత్వాలు కూడా ఇలా చేయాలని అడగడం న్యాయమే. కుటుంబానికి డబ్బు, జనానికి పాట, రెండూ దక్కుతాయి.

సభలో పాడటం, నెట్‌లో పెట్టడం

వార్షికోత్సవ వేదిక మీద అంజయ్య గారి పాట పాడితే కేసు అవుతుందా అని ఒక తమ్ముడు భయపడ్డాడు. విద్యాసంస్థ కార్యక్రమంలో విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారి ముందు పాడుకోవడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. టిక్కెట్టు లేని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక బృందాలు పాడుకోవడానికీ మినహాయింపు ఉంది. హాయిగా పాడండి. అదే వీడియోను యూట్యూబ్‌లో పెట్టినప్పుడు ఆ మినహాయింపు వెంట రాదు.

యూట్యూబ్‌లో ఇంకో చిక్కు ఉంది. ఏదైనా కంపెనీ ఒక జానపద పాటను తన పద్ధతిలో రికార్డు చేసి ఆ ఆడియోను నమోదు చేసుకుంటే, అదే బాణీలో మన అమ్మ పాడిన పాటను కూడా యంత్రం పట్టుకుని క్లెయిమ్ పంపవచ్చు. భయపడి వీడియో తీసేయనక్కర్లేదు. పాట సంప్రదాయ గేయమనీ, గొంతూ రికార్డింగూ మనవేననీ జవాబు రాయవచ్చు. కానీ ఆ జవాబు రాసేముందు మన రికార్డింగు నిజంగా మనదే అయ్యుండాలి. తెలిసి హక్కులు ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా అని చట్టం చెబుతోంది. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. చదువుకుని ఉద్యోగం చూసుకోవాల్సిన వయసులో కోర్టు మెట్లు ఎక్కడం మనకెందుకు?

మనం చేయగలిగింది

జూనియర్ తమ్ముళ్ళకు, పాత విద్యార్థులైన అన్నలకు మా సూచనలు ఇవి.

1. ముందుగా మూడు దొంతులు చేద్దాం. మన ఇళ్ళల్లో రికార్డు చేసిన పాటలు ఒక దొంతి. రచయిత మరణించి 60 ఏళ్ళు దాటిన పుస్తకాలు రెండోది. మిగతావన్నీ మూడోది. సందేహం వచ్చినది మూడో దొంతిలోకే వెళ్ళాలి. మొదటి రెండు దొంతులకే చాలా పని ఉంది.

2. ప్రతి పాటకూ ఒక నోట్‌బుక్ పేజీ. పాడినవారి పేరు, ఊరు, వయసు, ఏ సందర్భంలో పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, తేదీ. నెట్‌లో తన పేరు వద్దని వారంటే పేరు మనదగ్గరే ఉంచాలి.

3. అనుమతి అడిగేటప్పుడు నెట్ అంటే ఏమిటో విడమరిచి చెప్పాలి. "అమ్మా, ఇది మన ఊళ్ళోవాళ్ళే కాదు, ఎక్కడివాళ్ళైనా వింటారు, ఎప్పటికీ ఉండిపోతుంది" అని చెప్పి, సరేనన్నాకే పెట్టాలి. ఏడుపు పాటలు, ఇంటి గుట్టు ఉన్న పాటలు వద్దంటే మానేయాలి. ఆ 'సరే' అన్న మాటనూ రికార్డు చేసుకోవాలి.

4. 'జానపదం' అని రాసేముందు కనీసం ఇద్దరు పెద్దలను అడగాలి. ఎవరో ఒక కవి పేరు తగిలితే ఆ దారి పట్టుకుని వెతకాలి.

5. మూడో దొంతిలోని పుస్తకాల మీద ప్రచురణకర్త చిరునామా, ప్రెస్సు పేరు ఉంటాయి. ఉత్తరం రాద్దాం, వీలైతే వెళ్ళి కలుద్దాం. చాలా కుటుంబాలు డబ్బు అడగకపోవచ్చు, తమ పెద్దాయన పేరు బతికితే చాలనుకోవచ్చు. ఒప్పుకుంటే కాగితం మీద సంతకం తీసుకోవాలి. జవాబు వచ్చేవరకు ఆ పుస్తకాలను నెట్‌లో పెట్టకూడదు. పాడైపోతున్నవాటిని గ్రంథాలయానికి అప్పగిద్దాం.

6. రాసే అలవాటున్న అన్నలకు ఒక మనవి. మీ పాటలను అందరూ పాడుకోవాలని మీకుంటే ఆ మాట పుస్తకం మొదటి పేజీలోనే రాయండి. "పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం చాలు. రేపు ఏ హాస్టల్ పిల్లవాడూ మీ వారసుల కోసం ఊళ్ళు తిరగనక్కర్లేదు.

మిత్రులారా, మన తాతలకు పొలం పట్టా లేదు, ఇంటి పట్టా లేదు. వాళ్ళు కట్టిన పాటకూ పట్టా లేదు. అందుకే ఎవరైనా వచ్చి తనదంటే కాదని చెప్పే కాగితం మన దగ్గర లేకుండా పోయింది. ఇప్పుడు మనకు రాయడం వచ్చు. ఏ పాట ఎవరి నోట విన్నామో, ఏ ఊళ్ళో, ఏ రోజున విన్నామో రాసిపెట్టుకుంటే రేపు ఆ నోట్‌బుక్కే సాక్ష్యం అవుతుంది. వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్ళేలోగా మొదటి నోట్‌బుక్ సిద్ధం కావాలని మా కోరిక. ఇంట్లో పాత పాటల పుస్తకాలున్న అన్నలు హాస్టల్‌కు కబురు పెట్టండి, మేమే వచ్చి తీసుకుంటాం. జాగ్రత్తగా చూసుకుని, మీ పేరు రాసి మరీ దాచుతాం.